కుక్కకి ఇన్సూరెన్స్: నెలకి 38 నుంచి 92 డాలర్ల దాకా చెప్తున్నారు, ఏది తీసుకోవాలి?

లడ్డూ_నాన్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. పోయిన నెల మా ఇంటికి లాబ్రడార్ పిల్ల వచ్చింది. ఇప్పుడు దానికి ఐదు నెలలు, పేరు లడ్డూ. పిల్లల పోరు పడలేక తెచ్చాం గానీ ఇప్పుడు మా ఆవిడే దాన్ని చంక దించట్లేదు.

వ్యాక్సిన్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో "ఇన్సూరెన్స్ ఏది?" అని మనుషుల్ని అడిగినట్టే అడిగారు. ఇంటికొచ్చి కోట్స్ తీశాను. ఒకడు నెలకి 38 డాలర్లు అన్నాడు, ఒకడు 61, ఇంకొకడు 92. కుక్క అదే, వయసు అదే, జిప్ కోడ్ అదే. ఇంత తేడా ఎక్కడ్నుంచి వస్తోంది?

అసలు ఇది అవసరమా అనేది ఇంకో అనుమానం. నెలకి 60 వేసుకున్నా పదేళ్లకి ఏడు వేలు దాటుతుంది. ఆ డబ్బేదో మనమే పక్కన పెట్టుకుంటే పోదా? పైగా మూడు వారాల కింద చెవులు తెగ గోక్కుంటుంటే చూపించాం. ఇన్‌ఫెక్షన్ అని చుక్కలు ఇచ్చారు, తగ్గిపోయింది. అప్లికేషన్‌లో అది రాయాలా, అక్కర్లేదా?

గోదారి_గట్టు (షార్లెట్)

మా తాతగారింట్లో కుక్కకి ఉన్న ఇన్సూరెన్సల్లా మిగిలిన అన్నం, ఎండాకాలం అరుగు కింద నీడ. ఎక్కడికొచ్చాం బాబూ 😀

జోకు పక్కన పెడితే నేనూ కాచుక్కూర్చున్నా. మా బీగిల్‌కి మూడేళ్లు, ఇంతవరకూ ఏమీ తీసుకోలేదు.

టెంక_బాధితుడు (ఇర్వింగ్)

పేరు చూస్తేనే అర్థమై ఉంటుంది. పోయిన వేసవిలో అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చారు. ఆయన కోసమని మామిడిపళ్ల పెట్టె తెచ్చాం. ఆయన చీకిన టెంకని చెట్టుకి ఎరువవుతుందని పెరట్లో విసిరేశారు. మా గోల్డెన్ రిట్రీవర్ దాన్ని నమలనైనా నమలకుండా మింగేసింది. ఇక వాంతులే వాంతులు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ అయ్యాక అర్ధరాత్రి ఎమర్జెన్సీ ఆసుపత్రి ఈఆర్‌లో పేగు కోసి బయటికి తీశారు.

బిల్లు 6,140 డాలర్లు. మాది 250 డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి భరించాల్సింది), 90 శాతం ప్లాన్. ఈఆర్ ఎగ్జామ్ ఫీజు 180 మా పాలసీలోకి రాదు. అది తీసేసి, డిడక్టబుల్ తీసేసి, మిగిలినదాంట్లో 90 శాతం అంటే 5,139 వెనక్కొచ్చింది. కానీ ముందు మొత్తం మన కార్డు మీదే గీకాలి. ఆ సంగతి చాలామందికి తెలీదు.

మామగారు ఆ బిల్లుని రూపాయల్లోకి మార్చుకుని రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

రూపాయి_విలువ (సన్నీవేల్)

లడ్డూ నాన్న గారూ, మీ రెండో అనుమానమే కరెక్ట్. ఇన్సూరెన్స్ కంపెనీ ధర్మసత్రం కాదు. వాళ్ల ఆఫీసు ఖర్చు, లాభం, టీవీ ప్రకటనలు అన్నీ మీ ప్రీమియంలోనే ఉంటాయి. నెలకి 60 హై-యీల్డ్ సేవింగ్స్‌లో వేసుకోండి. కుక్కకి ఏమీ కాకపోతే డబ్బు మీదే. మాకు ఇది రెండో కుక్క, ఒక్క పాలసీ కూడా తీసుకోలేదు, ఏమీ కాలేదు.

టెంక_బాధితుడు

> ఒక్క పాలసీ కూడా తీసుకోలేదు, ఏమీ కాలేదు

అన్నా, మా వాడు టెంక మింగేనాటికి వాడి వయసు పదకొండు నెలలు. మీ లెక్క ప్రకారం నా సేవింగ్స్‌లో 660 ఉండేది. మిగతా ఐదున్నర వేలు ఎక్కడ్నుంచి తెచ్చేది?

హార్ట్‌ఫర్డ్_లెక్కలు (కనెటికట్)

నేను యాక్చువరీని, అంటే బీమా రేట్లు లెక్కకట్టే పని. పెట్ ఇన్సూరెన్స్ మా డిపార్ట్‌మెంట్ కాదు గానీ ఇదీ మా ప్రాపర్టీ-క్యాజువాలిటీ కిందకే వస్తుంది. అవును, చట్టం దృష్టిలో మీ లడ్డూ ఆస్తి. దాని పాలసీ కారు, ఇల్లు పాలసీల పక్కన ఉంటుంది, మన హెల్త్ ఇన్సూరెన్స్ పక్కన కాదు. అందుకే నెట్‌వర్క్ గొడవ ఉండదు, ఏ లైసెన్స్ ఉన్న వెట్ దగ్గరికైనా వెళ్లొచ్చు. అందుకే ముందు మీరు కట్టి తర్వాత తెచ్చుకోవడం కూడా.

మొదట రేటు. ఈ రంగానికి నాఫియా అనే సంఘం ఉంది, ఏటా లెక్కలు వేస్తుంది. 2023లో అమెరికాలో కుక్కకి యాక్సిడెంట్-ఇల్‌నెస్ ప్లాన్ సగటు ఏడాదికి సుమారు 676 డాలర్లు, అంటే నెలకి 56. పిల్లికి నెలకి 32. కాబట్టి మీ 61 ఊరికే చెప్పిన రేటు కాదు, సగటు దగ్గరే ఉంది. 38 చెప్పినవాడు ఏడాదికి ఇచ్చే పరిమితి 5,000, రీయింబర్స్‌మెంట్ (వెనక్కిచ్చే వాటా) 70 శాతం, డిడక్టబుల్ పెద్దది పెట్టి చూపించి ఉంటాడు. 92 వాడు పరిమితి లేకుండా, 90 శాతం, చిన్న డిడక్టబుల్. వెబ్‌సైట్లు ముందే టిక్ చేసి పెట్టిన ఆప్షన్లు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి. మూడింట్లోనూ ఒకే డిడక్టబుల్, ఒకే శాతం, ఒకే పరిమితి పెట్టి మళ్లీ తీయండి. 38కీ 92కీ మధ్య దూరం సగానికి పైగా కరిగిపోతుంది.

లెక్క వేసే వరస కూడా చూడాలి. 5,000 బిల్లు, 500 డిడక్టబుల్, 80 శాతం అనుకోండి. డిడక్టబుల్ ముందు తీసేస్తే మీకు 3,600 వస్తుంది. 80 శాతం ముందు వేసి ఆ తర్వాత డిడక్టబుల్ తీసేస్తే 3,500. పెద్ద తేడా కాదు, కానీ పాలసీ కాగితంలో రాసుంటుంది, ప్రకటనలో ఉండదు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. ఈ ఏడాది రేటు చూసి కంపెనీని ఎంచుకోకండి. లాబ్రడార్ పది పన్నెండేళ్లు బతుకుతుంది. మీకు ఇన్సూరెన్స్ ఎక్కువగా పనికొచ్చేది దాని ఎనిమిదో ఏటనుంచి. అప్పటికి రేటెంతో ఎవరూ చెప్పరు. నేను చేసే పని ఒకటుంది. అదే వెబ్‌సైట్లో, అదే జాతి, అదే జిప్ కోడ్, కానీ పుట్టిన తేదీ మార్చి ఎనిమిదేళ్ల కుక్కకి కోట్ తీయండి. పదేళ్లకీ తీయండి. పాత కస్టమర్ రెన్యువల్ అచ్చంగా అంతే ఉంటుందని కాదు, కానీ వయసు పెరిగేకొద్దీ ఆ కంపెనీ ఎంత నిటారుగా ఎక్కుతుందో కళ్లకి కడుతుంది. ఐదు నెలల పిల్లకి 38 చెప్పినవాడు ఎనిమిదేళ్లకి 130 చెప్తే, ఆ 38 ఎర అని అర్థం చేసుకోండి.

ఓపిక ఉంటే ఇంకొకటి. కంపెనీలు రేటు పెంచాలంటే రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి కాగితాలు ఫైల్ చేయాలి. చాలా రాష్ట్రాలవి సెర్ఫ్ అనే సైట్లో ఎవరైనా చూడొచ్చు. ఎంత శాతం పెంచమని అడిగారు, ఎందుకని అడిగారు, అన్నీ ఉంటాయి. చదవడం నరకం, అది మాత్రం నిజం.

గోదారి_గట్టు

పుట్టిన తేదీ చిట్కా ఇప్పుడే వేసి చూశా. ఒక సైట్లో మా బీగిల్‌కి మూడేళ్లకి 44, తొమ్మిదేళ్లకి 121. ఇంకోదాంట్లో 57, 98. కళ్లు తిరిగాయి గానీ రెండోదాని వైపే మొగ్గుతున్నా.

కరీంనగర్_పిల్లగాడు (ప్లేనో)

జాతి సంగతి ఎవ్వరూ చెప్తలేరు. మాది ఫ్రెంచ్ బుల్‌డాగ్. నెలకు 110 కడుతున్న. వాటికి ముక్కు సంగతి, వెన్నెముక సంగతి, చర్మం సంగతి అన్నీ ఉంటయ్, కంపెనీలకు ఎరుకే. మా దోస్తుగానికి షెల్టర్ నుంచి తెచ్చిన మిక్స్‌డ్ కుక్క ఉంది, గదే కంపెనీల, గదే ప్లాన్‌ల వాడు 45 కడుతున్నడు. కుక్కను కొనకముందే కోట్ తీసి చూడుర్రి అని చెప్తున్న, ఎవలన్న కొనేటోళ్లు ఇది చదువుతుంటే.

కౌంటర్_రాణి (న్యూజెర్సీ)

నేను ఒక వెటర్నరీ క్లినిక్ రిసెప్షన్‌లో పని చేస్తాను. రోజూ క్లెయిమ్ కాగితాలతోనే నా బతుకు.

లడ్డూ నాన్న గారూ, చెవి సంగతి దాచే ప్రశ్నే లేదు. మీరు రాయకపోయినా మొదటి క్లెయిమ్ పెట్టగానే కంపెనీ మీ క్లినిక్‌ని పూర్తి రికార్డు పంపమంటుంది. ఎక్కడెక్కడ చూపించారో అన్ని చోట్లా అడుగుతుంది. డాక్టర్ రాసుకున్న ప్రతి వాక్యం చదువుతారు. "కొంచెం కుంటుతోంది అండీ" అని మీరు మాటవరసకి అన్నది కూడా అందులోకి ఎక్కుతుంది. రెండేళ్ల తర్వాత మోకాలి లిగమెంట్ తెగితే ఆ ఒక్క ముక్క పట్టుకుని "ఇది ముందే ఉంది" అంటారు. అలా తిరిగొచ్చిన క్లెయిములు చూశాను.

కాబట్టి ఇప్పుడే మీ క్లినిక్ నుంచి రికార్డు కాపీ తెప్పించుకుని చదవండి. అడిగితే ఇస్తారు. తప్పుగా రాసి ఉంటే, అంటే కుడి కాలు బదులు ఎడమ కాలు అనో, వేరే కుక్క నోట్ మీదాంట్లో పడిందనో, డాక్టర్‌తో సరిచేయించుకోవచ్చు. ఉన్న జబ్బుని తీసేయమని మాత్రం అడక్కండి, మేము చెయ్యం.

పాలసీ తీసుకున్న వెంటనే "మెడికల్ హిస్టరీ రివ్యూ చెయ్యండి" అని కంపెనీకి రాయండి. చాలా కంపెనీలు చేస్తాయి. ఏది ముందునుంచి ఉన్న జబ్బుగా లెక్కేస్తారో రాతపూర్వకంగా చెప్తారు. ఆపరేషన్ అయ్యాక తెలుసుకోవడం కన్నా ఇప్పుడే తెలియడం నయం. ఫ్రీ లుక్ గడువు లోపలే ఆ జవాబు వచ్చేలా చూసుకోండి, నచ్చకపోతే క్లెయిమ్ ఏదీ పెట్టనంతవరకూ డబ్బు వాపసు తీసుకోవచ్చు.

లాబ్ అన్నారు కాబట్టి రెండు సంగతులు అడగండి. తుంటి కీలు జబ్బు, అంటే హిప్ డిస్‌ప్లేసియా, కవర్ అవుతుందా? మోకాలి లిగమెంట్‌కి వెయిటింగ్ పీరియడ్, అంటే కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన గడువు, ఎంత? మామూలు జబ్బులకి రెండు వారాలుండే చోట మోకాలికి ఆరు నెలలు పెట్టే కంపెనీలున్నాయి. కొందరు వెట్‌తో కాళ్లు పరీక్ష చేయించి కాగితం పంపిస్తే ఆ గడువు తగ్గిస్తారు. "బైలేటరల్" అనే మాట ఉందేమో వెతకండి. ఒక కాలికి ముందే సమస్య ఉంటే రెండో కాలికీ ఇవ్వం అని దానర్థం. ఒక మోకాలు పోయిన కుక్కల్లో చాలావాటికి రెండోదీ పోతుంది, ఒక్కో మోకాలి ఆపరేషన్ వేలల్లో ఉంటుంది. ఆలోచించండి.

రూపాయి_విలువ

ఇంత చదివాక కూడా నాకు నా మాటే కరెక్ట్ అనిపిస్తోంది. చూశారా ఎన్ని మెలికలో.

హార్ట్‌ఫర్డ్_లెక్కలు

> నా మాటే కరెక్ట్

మీకు కరెక్టే అయ్యుండొచ్చండి, వ్యంగ్యం కాదు. ఎనిమిది వేల బిల్లు ఇవాళ వస్తే చెక్కు రాసి రేపు మర్చిపోగలిగిన ఇంటికి ఇన్సూరెన్స్ అవసరం లేదు. సగటున కట్టిందాని కన్నా తక్కువే వెనక్కొస్తుంది, లేకపోతే కంపెనీ బతకదు. ఆ బిల్లు వచ్చిన రాత్రి "చేయించాలా, నిద్రపుచ్చేయాలా" అని తర్జనభర్జన పడే ఇంటికి అవసరం. మధ్యలో ఉన్నవాళ్లు డిడక్టబుల్ 500 నుంచి 1,000 పెట్టుకుని, ఏడాది పరిమితి పెద్దది తీసుకోండి. చెవి చుక్కలు, విరేచనాలు మన జేబులోంచే పోనివ్వండి. చిన్న డిడక్టబుల్, చిన్న పరిమితి అనేది తలకిందులు బేరం.

వెల్‌నెస్ ప్లాన్ అని ఒకటి అంటగడతారు, వ్యాక్సిన్లకీ పళ్లు తోమడానికీ. అది ఇన్సూరెన్స్ కాదు, మన డబ్బు మనకే నెలవారీగా తిప్పి ఇవ్వడం. ఏడాదికి ఎంత కడతారు, ఎంత వస్తుంది, కాగితం మీద కూడికలు చేసుకుంటే తేలిపోతుంది.

చినుకు (సియాటిల్)

మాది ట్రూపానియన్ కంపెనీ పాలసీ. ఎందుకు తీసుకున్నామంటే క్లినిక్‌లో వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉంటే కంపెనీ వాటా నేరుగా క్లినిక్‌కే కట్టేస్తుంది, మనం మన వాటా ఇచ్చి వచ్చేయడమే. పైన టెంక గారు చెప్పిన కార్డు గొడవ ఉండదు. డిడక్టబుల్ ఏడాదికి కాదు, ఒక్కో జబ్బుకి జీవితంలో ఒక్కసారి. మా దానికి చర్మం ఎలర్జీ. ఒకసారి డిడక్టబుల్ దాటాక ఇక ప్రతి నెలా మందుకి, ఇంజెక్షన్‌కి 90 శాతం వస్తోంది. అదే వేర్వేరు చిన్న చిన్న సమస్యలొచ్చే కుక్కకైతే ఈ పద్ధతి నష్టం, ప్రతిదానికీ కొత్త డిడక్టబుల్. ఎగ్జామ్ ఫీజు ఇవ్వరు. ఖరీదు ఎక్కువే, మొదటినుంచీ ఎక్కువే. పుట్టినరోజు వచ్చిందని పెంచరు గానీ మా ఊళ్లో వెట్ ఖర్చులు పెరిగాయని పెంచుతారు, సియాటిల్‌లో అవి ఎప్పుడు తగ్గాయి గనక.

గోదారి_గట్టు

మా ఆఫీసులో బెనిఫిట్స్ కింద పెట్ ఇన్సూరెన్స్ డిస్కౌంట్‌తో ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

టెంక_బాధితుడు

తీసుకో, కానీ ఒక్కటి హెచ్‌ఆర్‌ని అడుగు. ఉద్యోగం పోతే, మారితే అదే పాలసీ అలాగే కొనసాగుతుందా, లేక కొత్తగా మొదలెట్టాలా? కొత్తగా అయితే అప్పటిదాకా వచ్చిన జబ్బులన్నీ "ముందునుంచి ఉన్నవి" అయిపోతాయి. మన వీసా బతుకుల్లో లేఆఫ్ అంటే తెలుసుగా.

హార్ట్‌ఫర్డ్_లెక్కలు

దీనికి ఇంకో ముక్క. 2024లో నేషన్‌వైడ్ అనే బీమా కంపెనీ దాదాపు లక్ష పెట్ పాలసీలని రెన్యూ చేయబోమని ప్రకటించింది. ఆ ఇళ్లలో ముసలి కుక్కలున్నవాళ్ల పరిస్థితి ఏమిటో ఊహించుకోండి, కొత్త కంపెనీకి వెళ్తే పాత జబ్బులేవీ కవర్ కావు. ఏ కంపెనీ అయినా ఏడాదికి ఏడాది ఒప్పందమే, జీవితకాల హామీ కాదు. అందుకే ముందుండే బ్రాండ్‌ని కాకుండా వెనకున్న అసలు బీమా కంపెనీని చూడమంటాను. ఏఎస్‌పీసీఏ (జంతు సంరక్షణ సంస్థ) పేరుతో అమ్మే పాలసీ వెనక ఉన్నది యునైటెడ్ స్టేట్స్ ఫైర్ లేదా ఇండిపెండెన్స్ అమెరికన్ ఇన్సూరెన్స్ కంపెనీ. హెల్తీ పాజ్ అనే బ్రాండ్ వెనక చబ్ అనే కంపెనీ. ఆ పేరు సైట్ అడుగున చీమతల అక్షరాల్లో ఉంటుంది.

రాష్ట్రం కూడా ముఖ్యం. ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం ఎన్ఏఐసీ 2022లో నమూనా చట్టం ఒకటి రాసింది. వాషింగ్టన్, మెయిన్ లాంటి రాష్ట్రాలు దాన్ని తీసుకున్నాయి. దాని ప్రకారం జబ్బులకి వెయిటింగ్ 30 రోజులు మించకూడదు, ప్రమాదాలకి వెయిటింగే ఉండకూడదు, జబ్బు ముందే ఉందని నిరూపించే బాధ్యత కంపెనీది. మీ రాష్ట్రంలో ఉందో లేదో డిపార్ట్‌మెంట్ సైట్లో చూడండి.

బెజవాడ_బుల్లోడు (డెన్వర్)

టాపిక్ కొంచెం పక్కకి. విజయవాడలో అమ్మానాన్న దగ్గర తొమ్మిదేళ్ల పొమరేనియన్ ఉంది, పేరు స్నూపీ. వాళ్లకి ఇక్కడ్నుంచి ఏదైనా పాలసీ కొనిద్దామని. ఇండియాలో ఉన్నాయా ఇవి?

గన్నవరం_డాక్టరమ్మ (విజయవాడ)

ఉన్నాయి తమ్ముడూ, కానీ స్నూపీకి చాలావాటిలో వయసు దాటిపోయింది. న్యూ ఇండియా, ఓరియంటల్ లాంటి ప్రభుత్వ కంపెనీల కుక్క పాలసీలు ఎనిమిది వారాల నుంచి ఎనిమిదేళ్ల లోపు వాటికి. అవి ప్రధానంగా కుక్క చనిపోతే డబ్బిచ్చేవి, వైద్యం ఖర్చుకి కాదు. రేబిస్, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ టీకాలు సక్రమంగా పడి ఉండాలి, లేకపోతే ఆ జబ్బులతో పోతే ఇవ్వరు. ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చు ఇచ్చేవి 2020లో బజాజ్ అలయంజ్ మొదలెట్టాక ఒక్కొక్కటిగా ప్రైవేటు కంపెనీల నుంచి వచ్చాయి. వాటిలోనూ వయసు పరిమితి ఉంటుంది. బజాజ్‌దాంట్లో చేరడానికి ఏడేళ్లు దాటకూడదు, గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకైతే నాలుగేళ్లే.

అమ్మానాన్నలకి మీరు చేయగలిగిన మేలు వేరే ఉంది. గన్నవరంలో ఎన్టీఆర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, బెజవాడ నుంచి దగ్గరే. ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. ఏడాదికోసారి రక్తపరీక్ష, టీకాలు, పిడుదుల మందు తప్పకుండా వేయించమనండి. మన దగ్గర పిడుదుల జ్వరంతో వచ్చే కుక్కలే ఎక్కువ. ఆ మందు ఖర్చుకి నెలనెలా మీరు పంపిస్తే అదే దాని ఇన్సూరెన్స్.

ఇంకోటి, పైన టెంక కథ చదివి చెప్తున్నా. అమెరికాలో ఉన్న మన ఇళ్లలో పాయసంలో కిస్‌మిస్, పులుసులో ఉల్లిపాయ కుక్కకి పెట్టకండి. రెండూ విషమే. కిస్‌మిస్‌తో మూత్రపిండాలు పోతాయి.

బెజవాడ_బుల్లోడు

థాంక్యూ మేడమ్. అమ్మ దానికి సాంబారన్నం పెడుతుంది. ఇవాళే ఫోన్ చేస్తా.

లడ్డూ_నాన్న

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఆలస్యంగా వచ్చాను, ఎందుకంటే మీరు చెప్పినవన్నీ చేసి వద్దామని.

మూడు కోట్స్ ఒకే ఆప్షన్లతో తీస్తే 38 వాడు 53 అయ్యాడు, 92 వాడు 71. పుట్టిన తేదీ మార్చి ఎనిమిదేళ్లకి చూస్తే 53 వాడు 168కి ఎక్కాడు. 61 వాడు ఆ ఆప్షన్లతో 58కి వచ్చి, ఎనిమిదేళ్లకి 117 దగ్గర ఆగాడు. వాడినే తీసుకున్నా. 500 డిడక్టబుల్, 80 శాతం, ఏడాది పరిమితి లేదు. ఎగ్జామ్ ఫీజు కవర్ కాదు, పర్లేదనుకున్నా. మోకాలి గడువు ఆరు నెలలు, వచ్చే వారం వెట్ దగ్గర కాళ్ల పరీక్ష చేయించి కాగితం పంపిస్తే పద్నాలుగు రోజులకి తగ్గిస్తామన్నారు.

కౌంటర్ రాణి గారు చెప్పినట్టే రికార్డు తెప్పించుకున్నా. "రెండు చెవుల్లో ఎరుపు, దురద" అని రాసుంది. హిస్టరీ రివ్యూలో దాన్ని ముందునుంచి ఉన్న జబ్బుగానే పెట్టారు. అయితే 180 రోజులు మందు లేకుండా, లక్షణాలు లేకుండా ఉంటే నయమైనట్టు లెక్కేసి ఆ తర్వాత వచ్చే చెవి ఇన్‌ఫెక్షన్లకి ఇస్తారట. ఎలర్జీ అనే మాట రికార్డులో లేదు, కాబట్టి చర్మానికి మెలిక పెట్టలేదు.

కౌంటర్_రాణి

బాగా చేశారు. ఆ ఆర్నెల్లూ లడ్డూని నీళ్లకి దూరంగా ఉంచండి. లాబ్‌లకి ఈతవల్ల కూడా చెవి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. తడిస్తే మాత్రం చెవి లోపల పొడిగుడ్డతో తుడవండి, అక్కడ తడి నిలవకూడదు.

లడ్డూ_నాన్న

మా వెనక పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది అక్కా. ఇప్పుడే అందులోంచి బయటికి లాగా దాన్ని.